బాలానగర్ బడి: మందుల పరిశ్రమ చెప్పే పాఠం

ఒక కొత్త కంపెనీ గురించి మాట్లాడేటప్పుడు ఈ రోజుల్లో ముందుగా వినిపించేది దాని విలువ. వంద కోట్ల డాలర్ల విలువ దాటిన ప్రైవేటు స్టార్టప్‌ను యూనికార్న్ అని పిలవడం 2013 నుంచి వాడుకలోకి వచ్చింది. అప్పటి నుంచి ఏ దేశంలో యూనికార్న్‌లు ఎన్ని ఉన్నాయన్న లెక్క ఆ దేశ ఆర్థిక సత్తాకు కొలబద్ద అయిపోయింది. ఇలాంటి కంపెనీలు నిజంగా ఒక దేశ ఆర్థిక వ్యవస్థను మార్చగలవా, మారిస్తే దేనివల్ల మారుస్తాయి అన్నది తేల్చాలంటే నిన్నమొన్న పుట్టిన కంపెనీలను చూసి లాభం లేదు. వాటి ఫలితం ఇంకా మన కళ్లముందుకు రాలేదు. పుట్టి, పెరిగి, కొన్ని గెలిచి, కొన్ని చితికి, మంచీ చెడూ రెండూ బయటపడిన ఒక తరం కంపెనీల చరిత్ర కావాలి. అలాంటి చరిత్ర హైదరాబాద్ శివార్లలోనే ఉంది. 1970, 80 దశకాల్లో ఉద్యోగాలు వదులుకున్న రసాయన శాస్త్రవేత్తలు జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు ప్రాంతాల్లో చిన్న చిన్న షెడ్లలో పెట్టిన బల్క్ డ్రగ్ (మాత్రలోని అసలు మందు పదార్థం) యూనిట్ల చరిత్ర అది. వాటిని అప్పట్లో ఎవరూ స్టార్టప్‌లు అనలేదు. కానీ కొత్త సాంకేతికత, కొద్దిపాటి పెట్టుబడి, పెద్ద రిస్కు, వేగంగా పెరిగే తత్వం, అన్నీ వాటికున్నాయి. మందులు కొనుక్కునే దేశాన్ని మందులు అమ్మే దేశంగా మార్చిన వాటిలో అవి ముందు వరసలో ఉంటాయి. 2023-24లో భారతదేశం ఎగుమతి చేసిన మందుల విలువ దాదాపు 2,800 కోట్ల డాలర్లు. ఈ మార్పుకు ఆ కంపెనీల మార్కెట్ విలువ కారణం కాదనీ, అది చివర్లో వచ్చిన ఫలితం మాత్రమేననీ ఈ వ్యాసం వాదన. కారణాలు మూడు: ప్రజాధనంతో పోగైన విద్య, దానికి చోటిచ్చిన చట్టం, ఆ విద్య ఒక కంపెనీ నుంచి మరో కంపెనీకి మనుషులతో పాటు నడిచి వెళ్లగలగడం.

స్వాతంత్య్రం వచ్చేనాటికి మన దేశంలో మందుల వ్యాపారం ఉండేది గానీ, మందుల పరిశ్రమ అంతగా లేదు. మాత్రలోని అసలు మందు పదార్థం విదేశాల నుంచి వచ్చేది. ఇక్కడ జరిగే పనిలో ఎక్కువ భాగం దాన్ని మాత్రలుగా ఒత్తడం, సీసాల్లో నింపడం, లేబుల్ అంటించడం. 1911 నాటి పేటెంట్ చట్టం ఆ పదార్థాన్ని కనిపెట్టిన కంపెనీకి 16 ఏళ్ల పాటు గుత్తాధిపత్యం ఇచ్చేది. పేటెంట్లలో అత్యధికం విదేశీయులవే. వాటిలో చాలావాటిని ఇక్కడ ఉత్పత్తికి వాడుకునేవారు కాదు, ఇతరులు ఉత్పత్తి చేయకుండా అడ్డుకోవడానికే ఉంచుకునేవారు. దీని ఫలితం ధరల్లో కనిపించింది. అమెరికా సెనేట్‌లో ఎస్టెస్ కెఫావర్ నాయకత్వంలో మందుల ధరలపై విచారణ జరిపిన ఉపసంఘం 1961లో తన నివేదికలో భారతదేశాన్ని ప్రస్తావించింది. కొన్ని మందులకు ప్రపంచంలోనే అత్యధిక ధరలు చెల్లిస్తున్న దేశాల్లో ఇదొకటని తేల్చింది. తలసరి ఆదాయంలో అట్టడుగున ఉన్న దేశం యాంటీబయాటిక్ ధరల్లో అగ్రభాగాన ఉంది. ఆ రోజుల్లో టైఫాయిడ్‌కో న్యుమోనియాకో మందు కొనాలంటే పేద కుటుంబానికి అప్పు తప్పేది కాదు. ఆర్థిక వ్యవస్థ మారడమంటే ఏమిటో అర్థం కావాలంటే ముందు ఈ స్థితి గుర్తుండాలి.

దీనికి ప్రభుత్వం ఇచ్చిన మొదటి జవాబు కర్మాగారాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ సాయంతో పుణె దగ్గర పింప్రిలో హిందుస్థాన్ యాంటీబయాటిక్స్ 1954లో మొదలైంది. సోవియట్ యూనియన్ సహకారంతో 1961లో ఐడీపీఎల్ (ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్ లిమిటెడ్) ఏర్పడింది. యాంటీబయాటిక్స్ ప్లాంటు రుషీకేశ్‌కు, శస్త్రచికిత్స పరికరాల ప్లాంటు మద్రాసుకు వెళ్తే, సింథటిక్ డ్రగ్స్ ప్లాంటు హైదరాబాద్ శివారు బాలానగర్‌కు వచ్చింది. 1960ల చివరి నుంచి సల్ఫా మందులు, విటమిన్లు, నొప్పికీ జ్వరానికీ వాడే మందులు అక్కడ టన్నుల లెక్కన తయారయ్యాయి. అంతకంటే ముఖ్యమైన ఉత్పత్తి మరొకటుంది. అది మనుషులు. యూనివర్సిటీలో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేసి వచ్చిన కుర్రవాళ్లు మొదటిసారి ఒక పూర్తి స్థాయి రసాయన కర్మాగారం లోపల ఎలా ఉంటుందో చూసింది ఇక్కడే. తెలుగునాట ఆ రోజుల్లో ఈ విద్య ఇంత విస్తారంగా నేర్పిన బడి మరొకటి లేదు.

ఆ విద్య ఏమిటో కాస్త దగ్గరగా చూడాలి. ప్రయోగశాలలో గాజు ఫ్లాస్కులో 50 గ్రాముల పదార్థం తయారు చేయడం ఒక పని. అదే చర్యను వేల లీటర్ల రియాక్టర్‌లో జరపడం పూర్తిగా వేరే పని. ఫ్లాస్కు వేడెక్కితే ఐసు నీళ్లలో పెడితే చాలు. రియాక్టర్ వేడెక్కితే ఆ వేడి గోడల దాకా వచ్చి బయటికి పోవడానికి సమయం పడుతుంది, ఆలోగా చర్య అదుపు తప్పితే పేలుడే. చిన్న పాత్రలో నిమిషంలో కలిసిపోయే ద్రావణం పెద్ద పాత్రలో కలవాలంటే స్టిర్రర్ ఆకారం, వేగం అన్నీ లెక్క కట్టాలి. ఆసిడ్‌కు ఇనుము కరిగిపోతుంది కాబట్టి లోపల గాజుపూత ఉన్న రియాక్టర్ కావాలి. చర్య ముగిశాక స్ఫటికాలు సరైన సైజులో రాకపోతే సెంట్రిఫ్యూజ్‌లో వడకట్టడం కుదరదు, డ్రయ్యర్‌లో ఆరవు. వాడిన సాల్వెంట్‌ను మళ్లీ పట్టి శుద్ధి చేసుకోకపోతే ఖర్చు గిట్టదు. వీటిలో చాలా సంగతులు పాఠ్యపుస్తకాల్లో దొరకవు. షిఫ్టుల్లో నిలబడి, బ్యాచ్‌లు పాడయ్యాక ఎందుకు పాడయ్యాయో తవ్వి తీసి, చేత్తో నేర్చుకోవాల్సినవి. బాలానగర్ ప్లాంటు లాభనష్టాల పట్టికలో ఈ నేర్పుకు ఎక్కడా విలువ కట్టలేదు. కట్టి ఉంటే దేశ చరిత్రలో అత్యంత లాభసాటి పెట్టుబడుల్లో అదొకటిగా నమోదయ్యేది.

రెండో జవాబు చట్టం. జస్టిస్ ఎన్. రాజగోపాల అయ్యంగార్ కమిటీ 1959లో ఇచ్చిన నివేదిక ఆధారంగా, సుదీర్ఘ చర్చల తర్వాత 1970లో కొత్త పేటెంట్ చట్టం వచ్చింది. 1972 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన ఈ చట్టం మందుల విషయంలో పదార్థానికి పేటెంటు ఇవ్వడం ఆపేసింది. తయారు చేసే పద్ధతికి మాత్రమే పేటెంటు దక్కుతుంది, అదీ గరిష్ఠంగా ఏడేళ్లు. అంటే ఒక మందును ఎవరు కనిపెట్టినా, దాన్ని మరో దారిలో తయారు చేయగలిగినవాడికి అమ్ముకునే హక్కు ఉంటుంది. ఈ ఒక్క మార్పుతో పోటీ స్వభావమే మారిపోయింది. అప్పటిదాకా పేటెంటు ఎవరి దగ్గరుందన్నది ప్రశ్న. ఇకపై ఆ పదార్థానికి మెరుగైన దారి ఎవరికి తెలుసన్నది ప్రశ్న. దారి తెలిసినవాళ్లు అప్పటికే బాలానగర్‌లో, తార్నాకలోని రీజనల్ రిసెర్చ్ లేబరేటరీలో, పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో జీతాలకు పనిచేస్తున్నారు.

దారి మెరుగైతే ఎంత తేడా వస్తుందో చిన్న లెక్క చెబుతుంది. ఒక మందు తయారీకి ఐదు దశలున్నాయనుకుందాం. ప్రతి దశలోనూ ఈల్డ్, అంటే చేతికొచ్చే పదార్థం వాటా, 80 శాతం ఉంటే, చివరికి చేతికొచ్చేది మొదట వేసిన దానిలో 33 శాతం. అదే ప్రతి దశలో 90 శాతం తెచ్చుకోగలిగితే చివరికి 59 శాతం మిగులుతుంది. ఒక్కో దశలో పది పాయింట్ల మెరుగుదల చివరి ఉత్పత్తిని దాదాపు రెట్టింపు చేస్తుంది. ఒక దశను పూర్తిగా తప్పించగలిగితే లాభం ఇంకా ఎక్కువ. రియాక్టర్ అదే, కరెంటు అదే, మనుషులూ వాళ్లే. తేడా అంతా కెమిస్టు బుర్రలో ఉంది. కోట్ల పెట్టుబడి లేనివాడు కూడా పెద్ద కంపెనీతో తలపడగలిగే రంగం ఇది కావడం వల్లే చిన్న యూనిట్లు బతికి బట్టకట్టాయి. నేటి సాఫ్ట్‌వేర్ స్టార్టప్ గురించి చెప్పే గొప్పంతా, అంటే తక్కువ పెట్టుబడితో తెలివి మీద ఆధారపడి పెరగడం, ఆనాటి బల్క్ డ్రగ్ యూనిట్‌కూ వర్తిస్తుంది.

ఇక మనుషులు కదలడం. గుంటూరు జిల్లా తాడేపల్లిలో పుట్టిన కల్లం అంజిరెడ్డి బొంబాయి విశ్వవిద్యాలయ రసాయన సాంకేతిక విభాగం యూడీసీటీలో, పుణె జాతీయ రసాయన ప్రయోగశాలలో చదివి, 1969లో ఐడీపీఎల్‌లో చేరారు. 1975 దాకా అక్కడ పనిచేశారు. తర్వాత యూనిలాయిడ్స్‌ను, స్టాండర్డ్ ఆర్గానిక్స్‌ను నడిపి, 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. అధిక రక్తపోటుకు వాడే మిథైల్‌డోపాతో మొదలై, ఆ కంపెనీ విదేశాలకు ఎగుమతి చేసే స్థాయికి చేరింది. అంజిరెడ్డితో కలిసి కెమినార్ డ్రగ్స్‌లో పనిచేసిన మురళి దివి 1990లో సొంతంగా దివీస్ పెట్టారు. అమెరికా నుంచి తిరిగొచ్చిన నన్నపనేని వెంకయ్య చౌదరి 1981లో నాట్కో పెట్టారు. 1986లో అరబిందో, 1993లో హెటిరో వచ్చాయి. పెద్ద పేర్లు ఇవి. వీటి వెనుక ఎవరికీ తెలియని యూనిట్లు వందల్లో పుట్టాయి. ఒక ప్లాంటులో ప్రొడక్షన్ మేనేజర్‌గా పనిచేసినవాడు ఇంకొకరితో కలిసి ఒకే ఒక ఇంటర్మీడియట్ (మందు తయారీలో మధ్య దశ రసాయనం) తయారు చేసే యూనిట్ పెట్టడం, దాన్ని పాత యజమానికే అమ్మడం అక్కడ మామూలు. ఉద్యోగి వెళ్లిపోవడం కంపెనీకి నష్టమే. కానీ అలా వెళ్లగలిగిన స్వేచ్ఛే ఒక కంపెనీని పరిశ్రమగా మార్చింది. అదే విద్య ఒక్క సంస్థ గోడల మధ్యే ఉండిపోయి ఉంటే ఒక సంపన్న కంపెనీ మిగిలేది, ఊరు మాత్రం మారేది కాదు.

చట్టం దేశమంతటికీ వచ్చింది కదా, హైదరాబాద్‌లోనే ఇంత పరిశ్రమ ఎందుకు పుట్టిందని అడగవచ్చు. బొంబాయి, గుజరాత్‌లలో కూడా పుట్టింది, అక్కడి కంపెనీలు మాత్రల వ్యాపారంలో మనకంటే ముందున్నాయి. అయితే బల్క్ డ్రగ్స్‌లో హైదరాబాద్‌కు ప్రత్యేక స్థానం రావడానికి కారణాలు ఒకదానిమీద ఒకటి పేరుకున్నాయి. ఐడీపీఎల్ మనుషులను తయారు చేసింది. నిజాం రాజ్యంలో 1944లో మొదలైన పరిశోధనాలయం 1956లో రీజనల్ రిసెర్చ్ లేబరేటరీ అయింది, 1989లో ఐఐసీటీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ) పేరు తెచ్చుకుంది. అక్కడి శాస్త్రవేత్తలు పద్ధతులు అభివృద్ధి చేసి పరిశ్రమకు ఇచ్చారు. ఎ.వి. రామారావు నాయకత్వంలో ఐఐసీటీ రూపొందించిన పద్ధతితోనే ఎయిడ్స్ మందు ఏజెడ్‌టీని సిప్లా 1993లో దేశంలో విడుదల చేసింది. ఉస్మానియా, ఆంధ్ర విశ్వవిద్యాలయాలు ఏటా కెమిస్టులను పంపాయి. కృష్ణా, గుంటూరు డెల్టా వ్యవసాయంలో మిగిలిన సొమ్ము కొంత పరిశ్రమ వైపు మళ్లింది. ప్రభుత్వ పారిశ్రామిక వాడల్లో స్థలాలు, ఆర్థిక సంస్థల్లో అప్పులు దొరికాయి. ఒక చేత్తో చప్పట్లు రావు. సాహసవంతుడైన వ్యవస్థాపకుడు ఎక్కడైనా పుట్టవచ్చు, అతని సాహసం ఫలించేది మాత్రం ఇవన్నీ పక్కపక్కన ఉన్నచోటే.

ఇంట గెలిచాక రచ్చ గెలిచే అవకాశం కూడా చట్టం రూపంలోనే వచ్చింది. ఈసారి అది అమెరికా చట్టం. 1984లో అక్కడ వచ్చిన హ్యాచ్-వ్యాక్స్‌మన్ చట్టం జనరిక్ మందుల తయారీదారులకు తలుపు తీసింది. అసలు కంపెనీ చేసిన క్లినికల్ పరీక్షలన్నీ మళ్లీ చేయనక్కర్లేదు. తమ మందు రక్తంలో అదే విధంగా చేరుతుందని రుజువు చేస్తే చాలు. పేటెంటును మొదట సవాలు చేసినవారికి 180 రోజులు ప్రత్యేక అమ్మకపు హక్కు కూడా దక్కుతుంది. 2001లో ఫ్లూఆక్సెటిన్ 40 మిల్లీగ్రాముల క్యాప్సూల్‌కు ఆ హక్కు సంపాదించిన మొదటి భారతీయ కంపెనీ డాక్టర్ రెడ్డీస్. అదే ఏడాది ఏప్రిల్‌లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీలో దాని షేర్లు నమోదయ్యాయి. ప్రపంచం ఆ కంపెనీకి పెద్ద విలువ కట్టింది అప్పుడే. ఐడీపీఎల్ మొదలై 40 ఏళ్లు, పేటెంట్ చట్టం వచ్చి 31 ఏళ్లు గడిచాక. విలువ ముందు, మార్పు తర్వాత అని నమ్మేవాళ్లు ఈ వరసను గమనించాలి.

ఇదంతా నకలు కొట్టడమే కదా, ఒకరు కనిపెట్టినదాన్ని ఇంకొకరు తయారు చేస్తే దాన్ని సాంకేతిక విప్లవం అనవచ్చా అన్నది ఈ వాదనకు ఎదురయ్యే మొదటి అభ్యంతరం. దీనిలో న్యాయం లేకపోలేదు. ఒక కొత్త మందును కనిపెట్టడానికయ్యే ఖర్చు, కాలం, వైఫల్యాల భారం మోసినవాడికి ప్రతిఫలం దక్కాలి. కానీ చరిత్ర చూస్తే, నేడు పేటెంట్ల కోసం గట్టిగా పట్టుబట్టే దేశాలు కూడా పరిశ్రమ ఎదిగేదాకా ఆ తలుపు మూసే ఉంచాయి. మందు పదార్థాలకు పేటెంట్ ఇవ్వడం జర్మనీ 1968లో, జపాన్ 1976లో, స్విట్జర్లాండ్ 1977లో, ఇటలీ 1978లో మొదలుపెట్టాయి. బాసెల్‌లోని రసాయన కంపెనీలు 19వ శతాబ్దంలో ఇతరుల రంగులను తమ పద్ధతుల్లో తయారు చేసి పెరిగినవే. పైగా కొత్త దారి కనుక్కోవడం కూడా పరిశోధనే. నకలు కొట్టడమంత తేలికే అయితే అలాంటి చట్టం కింద ఆ పని చేయడానికి స్వేచ్ఛ ఉన్న అన్ని దేశాలూ మందుల ఎగుమతిదారులై ఉండేవి. కాలేదు. ఎందుకంటే చట్టం అనుమతి మాత్రమే ఇస్తుంది, చేతనైన మనుషులను ఇవ్వదు. ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం ప్రకారం 2005లో పదార్థ పేటెంట్లు తిరిగి వచ్చినా మన పరిశ్రమ కూలిపోలేదంటే, ఈలోగా నేర్చుకున్నది గట్టిదని అర్థం.

రెండో అభ్యంతరం దీనికి ఎదురు దిక్కు నుంచి వస్తుంది. ఐడీపీఎల్ చివరికి ఏమైంది? 1992లో ఖాయిలా పరిశ్రమగా బీఐఎఫ్ఆర్ (పారిశ్రామిక, ఆర్థిక పునర్నిర్మాణ మండలి) గడప ఎక్కింది. పునరుద్ధరణ ప్రయత్నాలు ఫలించలేదు. 2016 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం మూసివేతకు నిర్ణయం తీసుకుంది. కాబట్టి దేశాన్ని మార్చింది ప్రైవేటు వ్యవస్థాపకులే, ప్రభుత్వం అడ్డు తొలగితే చాలు అంటారు. ఐడీపీఎల్ వ్యాపార సంస్థగా ఓడిపోయిందన్నది నిజం. నిర్ణయాలు ఢిల్లీలో, ధరలు ప్రభుత్వ ఉత్తర్వుల్లో, మార్కెట్ మాత్రం చురుకైన చిన్న కంపెనీల చేతుల్లో ఉన్నప్పుడు అది నిలవలేకపోయింది. ఖర్చు తగ్గించడంలో, కొత్త మందును త్వరగా అందుకోవడంలో, ప్రపంచమంతా తిరిగి అమ్ముకోవడంలో ప్రైవేటు వ్యవస్థాపకులు చూపిన చురుకు ఏ ప్రభుత్వ సంస్థా చూపలేదు. అది ఒప్పుకోవాల్సిందే. అయితే ఆ చురుకు పనిచేసిన ముడిసరుకు ఎక్కడిది? ఒక కెమిస్టుకు పదేళ్లపాటు పెద్ద రియాక్టర్ల మీద చేయి తిప్పే అవకాశం ఇచ్చే ప్రైవేటు కంపెనీ 1965లో తెలుగునాట లేదు. పెట్టగలిగినవాళ్లకు ఆ రంగం మీద నమ్మకం లేదు, నమ్మకం ఉన్నవాళ్ల దగ్గర డబ్బు లేదు. ఆ మొదటి నష్టాన్ని ప్రజలు భరించారు. ఫలితం తర్వాతి తరం అనుభవించింది. ఆ వరస తప్పు కాదు. దాన్ని మరిచిపోవడం తప్పు.

విలువ అంటే ఏమిటన్న ప్రశ్నకు మరింత స్పష్టమైన జవాబు శాంతా బయోటెక్నిక్స్ చరిత్రలో ఉంది. 1990ల మొదట్లో హెపటైటిస్-బి టీకా మన దేశానికి దిగుమతి అయ్యేది. ఒక డోసు ఖరీదు వందల రూపాయలు. మూడు డోసులు వేయించాలంటే మధ్యతరగతి కుటుంబానికే భారం. కాలేయాన్ని తినేసే వ్యాధికి నివారణ ఉండి కూడా అందని స్థితి. ఎలక్ట్రానిక్స్ ఇంజినీరైన కె.ఐ. వరప్రసాదరెడ్డి 1993లో ఈ టీకా కోసమే కంపెనీ పెట్టారు. జీవసాంకేతిక రంగంలో అనుభవం లేని వ్యక్తికి దేశీయ బ్యాంకులు అప్పివ్వడానికి జంకిన రోజులవి. ఒమన్‌కు చెందిన యూసుఫ్ బిన్ అలవీ పెట్టుబడితో పని సాగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, తర్వాత కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీలో ప్రయోగశాల వసతి దొరికింది. వైరస్ పై పొరలోని ప్రోటీన్‌కు సంబంధించిన జన్యువును పికియా పాస్టోరిస్ అనే ఈస్టులో ప్రవేశపెట్టారు. ఫెర్మెంటర్‌లో మిథనాల్ అందించగానే ఆ ఈస్టు ఆ ప్రోటీన్‌ను తయారు చేయడం మొదలుపెడుతుంది. దాన్ని వేరు చేసి, మలినాల్లేకుండా శుద్ధి చేస్తే టీకా. అసలు కష్టమంతా ఆ శుద్ధిలోనే ఉంది. 1997 ఆగస్టులో శాన్‌వాక్-బి మార్కెట్లోకి వచ్చింది. పునఃసంయోజక జన్యు సాంకేతికతతో దేశంలో తయారైన తొలి వైద్య ఉత్పత్తి అదే. ధర డోసుకు 50 రూపాయలు. దిగుమతి టీకాల ధరలు దిగిరాక తప్పలేదు. పోటీగా భారతీయ కంపెనీలు మరికొన్ని వచ్చాయి, ధర ఇంకా పడింది, ఆ తర్వాతే ఈ టీకా ప్రభుత్వ కార్యక్రమాల్లో చేరగలిగింది.

2006లో ఫ్రాన్స్‌కు చెందిన మెరియూ కుటుంబ సంస్థ శాంతాలో మెజారిటీ వాటా కొంది. 2009లో సనోఫీ దాన్ని చేజిక్కించుకున్నప్పుడు శాంతా విలువను 55 కోట్ల యూరోలుగా లెక్కగట్టారు. ఇక్కడ రెండు సంఖ్యలున్నాయి: 55 కోట్ల యూరోలు, 50 రూపాయలు. మొదటిది వాటాదారులకు దక్కిన విలువ. రెండోది దేశానికి దక్కిన విలువ. కంపెనీ చేతులు మారినా రెండోది వెనక్కి పోలేదు, ఎందుకంటే అప్పటికే ఆ విద్య నగరంలో పాతుకుపోయింది. 1996లో కృష్ణ ఎల్ల స్థాపించిన భారత్ బయోటెక్, అంతకు ముందు నుంచే ఉన్న బయలాజికల్ ఇ, ఇండియన్ ఇమ్యునలాజికల్స్, వీటన్నిటితో హైదరాబాద్ టీకాల నగరమైంది. భారత్ బయోటెక్ తయారు చేసిన రోటావైరస్ టీకా రోటావాక్ వెనుక ఢిల్లీ ఎయిమ్స్‌లో వేరుచేసిన వైరస్ రకం ఉంది, ప్రభుత్వ బయోటెక్నాలజీ శాఖ మద్దతు ఉంది. కోవిడ్ టీకా కోవాగ్జిన్‌ను ఆ కంపెనీయే పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థతో కలిసి రూపొందించారు. కంపెనీ పేరు అందరికీ తెలుస్తుంది. దానికి వెనుకనున్న ప్రజా ప్రయోగశాల పేరు ఎవరికీ గుర్తుండదు. విధానాలు రాసేవాళ్లకైనా అది గుర్తుండాలి.

ఈ చరిత్రకు రెండు గాయాలు కూడా ఉన్నాయి. వాటిని పక్కనపెట్టి విజయగాథ చెబితే అది అబద్ధమవుతుంది. మొదటిది నీళ్లు. పటాన్‌చెరు, బొల్లారం యూనిట్ల వ్యర్థజలాలు ఏళ్ల తరబడి వాగుల్లో కలిశాయి. ఇసుకవాగు, నక్కవాగు పరివాహకంలోని రైతులు పొలాలు, పశువులు, బోర్లు పోగొట్టుకుని కోర్టుల చుట్టూ తిరిగారు. 1990లలో ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చాక కూడా సమస్య తీరలేదు. స్వీడన్ శాస్త్రవేత్తల బృందం 2007లో ప్రచురించిన పరిశోధనలో ఆ కేంద్రం నుంచి శుద్ధి అయి బయటికి వచ్చే నీళ్లలోనే సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు గరిష్ఠంగా 31 మిల్లీగ్రాములు ఉందని తేలింది. కొన్ని రకాల బ్యాక్టీరియాను చంపడానికి సరిపోయే మోతాదుకు వెయ్యి రెట్లకు పైగా అది ఎక్కువ. మందులకు లొంగని సూక్ష్మజీవులు పుట్టడానికి ఇంతకంటే అనువైన చోటు ఉండదు. చౌకగా మందు ఇచ్చిన పరిశ్రమ తన ఖర్చులో కొంత వాగు ఒడ్డు పల్లెల మీద వేసింది. ఇది పరిశ్రమ ఎదుగుదలకు తప్పనిసరి మూల్యమేమీ కాదు. సాల్వెంట్లు తిరిగి పట్టుకునే, వ్యర్థాలను ఆవిరి చేసి ఘనరూపంలోకి తెచ్చే సాంకేతికత అప్పటికీ ఉంది. పట్టించుకునే యంత్రాంగం లేదు. కొత్త కంపెనీలకు నిబంధనలు అడ్డంకి అని ఈనాడు వాదించేవాళ్లు పటాన్‌చెరు లెక్క ముందు చూసి తర్వాత మాట్లాడాలి.

రెండో గాయం పునాది కిందే పడింది. 1990ల తర్వాత చైనా నుంచి చౌకగా దొరికే ముడిపదార్థాలు, ఇంటర్మీడియట్లు మన ప్లాంట్లలోకి వచ్చాయి. మాత్రలు, సంక్లిష్టమైన మందుల తయారీలో లాభం ఎక్కువ కాబట్టి కంపెనీలు అటు మళ్లాయి, కింది మెట్లు వదిలేశాయి. పెన్సిలిన్-జి లాంటి ఫెర్మెంటేషన్ ఉత్పత్తుల తయారీ దేశంలో దాదాపు ఆగిపోయింది. దిగుమతి చేసుకునే బల్క్ డ్రగ్స్‌లో దాదాపు మూడింట రెండు వంతులు చైనావే అయ్యాయి. 2020లో మహమ్మారి సరిహద్దులు మూసినప్పుడు ఈ బలహీనత దేశానికి తెలిసొచ్చింది. అదే ఏడాది కేంద్రం బల్క్ డ్రగ్స్ కోసం 6,940 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకం ప్రకటించింది. అరబిందో అనుబంధ సంస్థ కాకినాడ ప్రాంతంలో పెట్టిన పెన్సిలిన్-జి ప్లాంటు 2024లో మొదలైంది. పింప్రిలో ప్రభుత్వం 1954లో మొదలుపెట్టిన పనిని 70 ఏళ్ల తర్వాత, ప్రభుత్వ సాయంతోనే, మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. ఒక్కో కంపెనీ తన లాభం చూసుకుని తీసుకున్న నిర్ణయం దానికి సబబే. అన్నీ కలిస్తే దేశానికి లోటు. ఏ కంపెనీ ఎంత విలువైనదైనా దేశ అవసరాన్ని తనంతట తాను లెక్క వేసుకోదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఈ మందుల కంపెనీలకూ, నేటి యాప్‌లకూ పోలికేమిటని కొందరు అనవచ్చు. ఒకరు వస్తువు తయారు చేస్తారు, ఇంకొకరు సేవ అందిస్తారు. ఒకరికి 20 ఏళ్లు పట్టింది, ఇంకొకరికి ఐదేళ్లు చాలు. వేగంలో తేడా నిజమే. కానీ పరీక్ష ఒక్కటే. కంపెనీ వచ్చాక ఒక అత్యవసర వస్తువు లేదా సేవ ధర సామాన్యుడికి అందేంత తగ్గిందా? అక్కడ పనిచేసి బయటికి వచ్చినవాడు మరో సంస్థ పెట్టగలిగేంత విద్య నేర్చుకున్నాడా? దిగుమతి చేసుకునేది ఇక్కడ తయారవుతోందా? తన ఖర్చును వాగు మీదో, పనివాడి మీదో వేయకుండా లాభం చూపగలుగుతోందా? పెట్టుబడిదారుల సొమ్ముతో కొన్నాళ్లు చౌకగా అమ్మి, పోటీదారులు మూతపడ్డాక ధర పెంచే కంపెనీ మొదటి పరీక్షలోనే ఓడిపోతుంది, దాని విలువ ఎన్ని వేల కోట్లయినా. నాట్కో 2012లో పేటెంటు ఉన్న మందును ఇతరులు తయారు చేయడానికి ప్రభుత్వం ఇచ్చే తప్పనిసరి లైసెన్సును దేశంలోనే మొదట పొంది, నెలకు 2.8 లక్షల రూపాయల క్యాన్సర్ మందును 8,880 రూపాయలకు ఇవ్వడానికి సిద్ధపడ్డప్పుడు, ఆ ధర వెనుక కంపెనీ నేర్పు ఉంది, దానికి వీలిచ్చిన చట్టం ఉంది. రెండిట్లో ఏది లేకపోయినా ఆ మందు రోగి దాకా వచ్చేది కాదు.

కాబట్టి యూనికార్న్‌ల సంఖ్యను లక్ష్యంగా పెట్టుకోవడం ఫలితాన్ని కారణమనుకోవడమే. లక్ష్యంగా పెట్టుకోవాల్సినవి వేరే ఉన్నాయి. పాతికేళ్ల దాకా లాభం అడగకుండా నడిపే ప్రయోగశాలలు, విద్యార్థి చేతికి నిజమైన యంత్రం ఇచ్చే విశ్వవిద్యాలయాలు, కొత్తవాడికి చోటిచ్చి పాతవాడి గుత్తాధిపత్యాన్ని విరిచే చట్టాలు, ఉద్యోగి తన నేర్పుతో వెళ్లిపోగలిగే స్వేచ్ఛ, వాగు పాడైన రోజే తలుపు తట్టే తనిఖీ. ఇవి సిద్ధంగా ఉన్న దేశంలో విలువైన కంపెనీలు వాటంతటవే పుడతాయి, హైదరాబాద్‌లో పుట్టినట్టే. లేని దేశంలో పుట్టిన ఒకటీ అరా కొందరిని ధనవంతులను చేసి వెళ్లిపోతాయి. ప్రజల డబ్బుతో నడిచి, లెక్కల్లో నష్టపోయి, మూతపడిన ఒక కర్మాగారం దేశానికి మందుల పరిశ్రమను ఇచ్చింది. అలాంటి సంస్థలకు డబ్బు కేటాయించే ధైర్యం, ఈసారి వాటిని బతికించుకునే వివేకం, ఈ రెండూ నేటి ప్రభుత్వాల నుంచి మనం గట్టిగా అడగాల్సినవి.